వదిన భుజం ఒప్పుకున్న సంచి

మా వదిన పోయిందని నాకు గాజువాక వెళ్ళే బస్సులో తెలిసింది. ఆవిడ ఉన్న ఆసుపత్రికే వెళ్తున్నాను. ఒళ్ళో ఫ్లాస్కు, అందులో చోడి జావ, అదే రాగిజావ. క్యాంటీన్ ఇడ్లీ ముట్టనని ముందురోజు మొహం తిప్పేసుకుంటే, పొద్దున్నే లేచి కాచి తీసుకెళ్తున్నాను. కాన్వెంట్ జంక్షన్ దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. ఎంతవరకు వచ్చావన్నాడు. చెప్పాను. తర్వాత, "నిదానంగా రా. తొందరేం లేదు," అన్నాడు.

కొన్ని వారాలుగా ఫోన్ చేసినప్పుడల్లా తొందరగా రమ్మన్న మనిషి, తొందర లేదన్నాడంటే ఇంక అడగడానికేముంది. కిటికీ అవతల పోర్టు క్రేన్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. ఫ్లాస్కు వేడి చీరలోంచి తొడకి తగులుతూనే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాలని కూడా తోచలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసినవాళ్ళకి పీటీ టీచరుగా తెలుసు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక బడిలో ఆడపిల్లలకి ఖోఖో, త్రోబాల్ నేర్పింది. వంట చేసేటప్పుడు కూడా మా అక్క మెళ్ళో ఈల ఉంటుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. మా పుట్టింటివాళ్ళు గోదావరి పక్క నుంచి పోర్టు ఉద్యోగానికని వచ్చినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఈ ఆడపడుచు మాట నాకు సగమే అర్థమయ్యేది. మొదటిసారి మా ఇంటికి వచ్చి, గుమ్మంలోంచే "ఏటే అమ్మాయ్, ఏటి సేత్తన్నావ్?" అని గట్టిగా అడిగితే, ఏదో తప్పు చేశాననుకుని బెదిరిపోయాను. కుర్చీ వేసి పక్కన నిలబడ్డాను. ఆవిడ నవ్వి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను వంటింటి గట్టు మీదకి ఎక్కి కూర్చుంది. టీ తాగినంతసేపూ కాళ్ళు ఊపుతూనే ఉంది.

పొడుగు మనిషి. ఎడంచేతి వాటం. ఆ చేత్తో బంతి విసిరితే అటువైపు పిల్లలు ముందే చేతులు వెనక్కి లాక్కునేవాళ్ళట. పిల్లలకి ఆవిడ చెప్పే మాట ఒకటుంది. "నొప్పంటే నొప్పని సెప్పండి. నోరు మూసుకుంటే దైర్యం కాదది." కడుపునొప్పి వచ్చిన రోజు కూడా సిగ్గుపడి చెప్పకుండా పరిగెత్తే పిల్లల్ని ఆ మాటతోనే పక్కన కూర్చోబెట్టేది.

ఆ ఎడమ పక్కే జబ్బు వచ్చింది. రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. అలా తీస్తే చేతిలో నీరు చేరుతుందని, ఆ చేత్తో బరువు ఎత్తకూడదని, ఆ భుజం మీద ఏదీ వేలాడదీయకూడదని డాక్టరమ్మ చెప్పింది. మణికట్టు నుంచి భుజం దాకా బిగుతుగా ఉండే తొడుగు వేసుకోమంది. ఆవిడ అన్నీ విని, "బాలు ఇసరొచ్చా అండీ?" అని ఒక్కటే అడిగింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

బయటికి వచ్చాక ఆటోలో ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. స్టీల్‌ప్లాంటు వైపు నుంచి వస్తున్న లారీల్ని చూస్తూ కూర్చుంది.

కెమెరా తెచ్చింది అన్నయ్యగారు, అంటే మా వదిన భర్త. స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేశారు. తక్కువ మాటల మనిషి. ఇంట్లో కూర్చుంటే ఈవిడ గోడలకేసి చూస్తూ ఉండిపోతుందని భయపడి, ఎవరినో కనుక్కుని, ఆటలు తీయడానికి పనికొచ్చే పెద్ద లెన్సుతో సహా కొన్నారు. ఆవిడ పెట్టె విప్పి, కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి, "బటన్ కుడేపు ఉంది. దేవుడికి ఇంకా నా మీద దయుందే," అంది. ఎడంచేతి వాటం మనిషి కుడిచేత్తో పని నేర్చుకోవడం అప్పుడు మొదలైంది. బరువైన లెన్సుని మామూలుగా ఎడంచేత్తో కింద నుంచి పట్టుకోవాలి. ఆవిడకి అది కుదరదు కాబట్టి దాన్ని ఆన్చడానికి ఒంటికాలి స్టాండు కూడా వచ్చి చేరింది.

మళ్ళీ గ్రౌండుకి వెళ్ళడం మొదలుపెట్టింది. పిల్లలు ఆడుతుంటే ఫోటోలు తీసేది. బాగా వచ్చినవి పెద్దవిగా ప్రింటు వేయించి, ఆ పిల్లల ఇళ్ళకి తనే తీసుకెళ్ళి ఇచ్చేది. "ఆడపిల్లకి పోటో తీయించారంటే పెల్లి సూపులకేనేటి? పరిగెడతన్న పోటో ఒకటి గోడ మీదుండాల," అనేది.

కానీ సామాను మోయడం కష్టమైపోయింది. కెమెరాతో వచ్చిన సంచి ఒంటి భుజానికి తగిలించుకునేది. కుడి భుజానికి వేసుకుంటే సాయంత్రానికి మెడ పట్టేసేది. అది జారినప్పుడల్లా అలవాటుగా ఎడంచేత్తో పట్టుకోబోయేది. రెండు రోజులు ఆ చెయ్యి వాచి, తొడుగు ఎక్కేది కాదు. "నాను మోత్తాన్లే," అని అన్నయ్యగారు వెంట వెళ్ళేవారు. అదీ ఆవిడకి నచ్చలేదు.

"ఆయన టీ తాగడానికి ఎల్తాడే. ఆయనతో పాటు నా లెన్సూ టీ కొట్టుకి ఎల్పోద్ది. ఈలోపు ఆట అయిపోద్ది," అని నా దగ్గర మొత్తుకుంది. తర్వాత కొంచెం మెల్లగా అంది. "నా సామాను నానే మొయ్యాలే. అదీ సేతకాకపోతే గ్రౌండుకెందుకు ఎల్లడం?"

అలా ఒక ఆదివారం మేమిద్దరం డాబాగార్డెన్స్ వైపు బ్యాగుల కొట్లకి బయల్దేరాం. సామానంతా, స్టాండుతో సహా, కూరల సంచిలో పెట్టి నా చేత మోయించింది. కొనే సంచిలో అదంతా వేసి చూడకుండా ఎలా కొంటామని ఆవిడ లెక్క.

మొదటి కొట్లో మమ్మల్ని చూసి, "సార్ రాలేదా మేడమ్?" అన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి వచ్చేసింది. రెండో కొట్లో నడివయసు కొట్టాయన ఓపికమంతుడు. పైనుంచి ఒక్కొక్కటే దింపాడు. "ఇది తీసుకోండి మేడమ్. పెల్లిల్లకి తీసీ కుర్రోల్లందరూ ఇదే పట్టికెల్తన్నారు," అన్నాడు.

"నాను పెల్లిల్లకి తియ్యను బాబూ," అని, మా కూరల సంచి విప్పి, ఒక్కో వస్తువూ అందులో సర్దడం మొదలుపెట్టింది. బరువైన లెన్సు అడుగున కాకుండా వీపుకి ఆనేలా పెట్టింది. వీపుకి దూరంగా పెడితే అది మనల్ని వెనక్కి లాగుతుందట. సర్ది, వీపుకి తగిలించుకుని, కొట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. మెట్లెక్కి దిగింది. తర్వాత చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని గుంజీలు తీసింది.

"ఏటి సేత్తన్నారు మేడమ్!" అన్నాడు కొట్టాయన కంగారుగా.

"సంచి సూత్తన్నాను. బోర్డర్ లైను దగ్గర ఎన్నిసార్లు కూసుని లేవాలో నీకు తెలీదు."

అది నచ్చలేదు. పట్టీ అంచు చంక దగ్గర కోసుకుంటోంది. ఇంకోటి వేసుకుంది. అది మగవాళ్ళ వీపు పొడుగుకి కుట్టింది. నడుం బెల్టు నడుం దగ్గర ఉండకుండా కిందకి జారి తొడల మీద పడింది. ఇంకోదానికి నడుం బెల్టే లేదు, బరువంతా భుజాల మీదే. ఆవిడ విప్పేసి నాకు చూపించింది. నా చెయ్యి పట్టుకుని తన తుంటి ఎముక మీద పెట్టింది. "పొట్ట మీద కాదే. ఇదిగో, ఈ ఎముక మీద కూసోవాల బెల్టు. బరువుంటే ఉండనీ. ఎక్కడ పడతందో అదీ సూసుకోవాల్సింది."

నాలుగోదో అయిదోదో బాగానే ఉందనిపించింది. నడుం బెల్టు చక్కగా కూర్చుంది, భుజాల మీద పట్టీలు తేలికగా ఆనాయి. ఆవిడ ఛాతీ మీది చిన్న బెల్టు బిగించింది. మొహం మారిపోయింది. వెంటనే విప్పేసింది.

కొట్టాయనకి అర్థం కాలేదు. "అది పెట్టుకోకపోతే పట్టీలు జారిపోతాయి మేడమ్," అన్నాడు.

ఆవిడ తిన్నగా ఆయన కళ్ళలోకి చూసి చెప్పింది. "నాకిక్కడ ఆపరేషను అయింది బాబూ. రొమ్ము తీసీసారు. నీ బెల్టు సరిగ్గా కుట్ల మీద పడతంది."

పక్కన సూట్‌కేసు బేరం చేస్తున్నాయన మధ్యలో ఆగిపోయాడు. కొట్టాయన తల దించుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఆవిడకి మాత్రం ఏమీ లేదు, పిల్లలకి ఆట నియమాలు చెప్పినంత మామూలుగా నిలబడింది. తర్వాత నన్ను అద్దం పక్కన మూలకి తీసుకెళ్ళి, పైట కింద నుంచి నా చెయ్యి తీసుకుని తన గుండెకి ఎడమ పక్కన పెట్టింది.

"ఇక్కడ. బయపడకు. నువ్వు సూసి ఆయనకి సెప్పు, బెల్టు ఎంత పైకి జరగాలో. నాకు వంగి సూసుకోడం అవట్లేదు."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడని నేనెప్పుడూ అంత దగ్గరగా ముట్టుకోలేదు. జాకెట్టు కింద అక్కడ చదునుగా ఉంది. కుట్ల గీత వేళ్ళకి తాడులా తగిలింది. దాని కింద గుండె గట్టిగా కొట్టుకుంటోంది. బయటికి అంత మామూలుగా ఉన్న మనిషి లోపల ఎంత బెదిరిందో అప్పుడు నా చేతికి తెలిసింది.

మేము వెనక్కి వచ్చేసరికి కొట్టాయన లోపలి గదిలోంచి ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది కెమెరా సంచి కాదు మేడమ్. కొండలెక్కేవోల్లది. లేడీస్‌ది. ఎవరూ కొనట్లేదని లోపల పడేసాను. ఈ బెల్టు సూడండి, పైకీ కిందకీ జరుగుతంది. లోపల కెమెరాకి మెత్తటి పెట్టె ఏరేగా పెట్టి ఇత్తాను," అన్నాడు. ఇంకా ఆవిడ మొహంలోకి చూడలేకపోతున్నాడు.

పట్టీలు నిటారుగా కాకుండా ఒంపు తిరిగి, రొమ్ముల పక్క నుంచి వెళ్ళేలా ఉన్నాయి. ఛాతీ బెల్టు మెడ ఎముకల దాకా జరిగింది. ఎడమ పట్టీ వదులు చేసి కుడి పట్టీ కొంచెం బిగిస్తే, ఎడమ భుజం మీద బట్ట ఆనినంత బరువు కూడా లేదు. ఆవిడ నడిచింది, మెట్లెక్కింది, గుంజీలు తీసింది. ఒంటి చేత్తో జిప్పు లాగి కెమెరా బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టింది. రెండు మూడుసార్లు అలా చేసి, చివరికి అద్దంలో చూసుకుంది.

"రంగేటి బాబూ, వంకాయలాగుంది?"

"ఇదొక్కటే ఉంది మేడమ్."

"ఉండనీలే. బాగుంది," అంది. సంచి విప్పకుండానే, అలాగే తగిలించుకుని రోడ్డు మీదకి వచ్చింది. ఇంటిదాకా నా చేతికి ఇవ్వలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

ఆ తర్వాతి రోజులు ఆవిడకి మంచి రోజులు. వాటిని తలుచుకుంటే నాకిప్పుడు ఎక్కువ బాధగా ఉంటుంది. పరవాడలో ఆటల పోటీలున్నా, భీమిలిలో ఉన్నా, తగరపువలసలో ఉన్నా ఆ వంకాయ రంగు సంచితో బస్సెక్కేది. నాకు వీలైనప్పుడల్లా తీసుకెళ్ళేది.

ఒకసారి జాలరిపేటలో ఒక పిల్ల ఇంటికి ఫోటో ఇవ్వడానికి వెళ్ళాం. ఖోఖోలో స్తంభం దగ్గర ముందుకి దూకే పిల్ల. దూకినప్పుడు రెండు కాళ్ళూ గాల్లో, చెయ్యి ముందుకి చాచి, నోరు తెరిచి ఉంది ఫోటోలో. ఈ ఏడాదితో ఆట మాన్పించేస్తామని ఇంట్లో అంటున్నారని ఆ పిల్ల చెప్పింది. వాళ్ళమ్మ అప్పుడే చేపలమ్మి వచ్చింది. తట్ట దింపి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని ఫోటో అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇదేటమ్మా, మా గుంట గాల్లో ఉంది?"

"మీ గుంటే. రోజూ అలాగే ఉంటాది, మీరు సూడ్లేదు," అంది మా వదిన.

"ఓలమ్మా! సొరసేపనాగుంది," అని ఆ తల్లి కూతురి వైపు చూసింది, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు. తర్వాత, "ఎముకలిరగ్గొట్టుకుంటే ఎవులు సూత్తారమ్మా?" అంది.

"నాను సూత్తాను."

"మీకే బాగోలేదంటగా."

పక్కింటివాళ్ళు ఎవరో చెప్పి ఉంటారు. మా వదిన ఆ మాటకి నొచ్చుకోలేదు. "అవును, బాగోలేదు. అయినా ఒచ్చేను కదా," అంది. ఆ తల్లి, ఫోటో పెట్టడానికి గోడ మీద ఎక్కడా చోటు లేకపోతే, దేవుడి పటం కొంచెం పక్కకి జరిపింది. ఆ పిల్ల ఆట మానలేదు.

నడుంనొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు ఫోన్‌లో, "వీపు పట్టీసిందే," అంది. ఆ తర్వాత తరచూ అనడం మొదలుపెట్టింది. అందరం సంచినే తిట్టాం. అంత బరువు మోస్తే పట్టెయ్యదా అని మా ఆయన అన్నాడు. అన్నయ్యగారు మొదటిసారి గొంతు పెంచి, "ఈ సంచీ వద్దు, ఏటీ వద్దు," అని దాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టేశారు. ఆవిడ స్టూలెక్కి కుడిచేత్తో దించుకుంది.

సామాను తగ్గించి చూసింది. పట్టీలు మార్చి చూసింది. నూనె రాయించుకుంది. చివరికి, "కొట్టాయన దగ్గరికి ఎల్దాం రా. బెల్టు ఎక్కడో తప్పు పడతంది," అంది. మళ్ళీ ఇద్దరం వెళ్ళాం.

కొట్టాయన గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు. సంచి తీసుకుని ప్రతి కుట్టూ తడిమి చూశాడు, నడుం బెల్టులో మెత్త నలిగిందేమో చూశాడు. సామాను తీసేసి, ఉత్త సంచి తగిలించి, వెనక నిలబడి పట్టీలు సర్దాడు. "ఇప్పుడెలాగుంది మేడమ్?"

ఆవిడ అద్దంలో తన్ని తను చూసుకుంటూ నిలబడింది. ఆయన ఇంకొంచెం వదులు చేశాడు. "ఇప్పుడు?"

"అలాగే ఉంది," అంది ఆవిడ. తర్వాత నడుం బెల్టు విప్పింది. ఛాతీ బెల్టు విప్పింది. సంచి తీసి ఆయన చేతికిచ్చి, వీపు మీద ఏమీ లేకుండా, ఆ కొట్లో ఒకసారి అటు చివరిదాకా నడిచి వచ్చింది. నా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది సంచి నొప్పి కాదే," అంది.

ఆ మాట ఎలా అందో నాకిప్పటికీ వినిపిస్తుంది. భయంగా అనలేదు. ఎవరినో అనవసరంగా నిందించినందుకు నొచ్చుకున్నట్టు అంది. కొట్టాయనతో, "నీ సంచి మంచిదే బాబూ. దాని తప్పేటీ లేదు," అని చెప్పింది. ఆయన అదే మంచి మాటనుకుని నవ్వాడు. అప్పుడే నా మొహం చూసి, ఆ నవ్వు ఆపేశాడు.

స్కానింగ్‌లో జబ్బు వెన్నుపూసల్లో కనబడింది. ఆవిడకి ముందే తెలుసు కాబట్టి, డాక్టరమ్మ చెప్తున్నప్పుడు అన్నయ్యగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే.

మందులు మొదలయ్యాయి. వెన్నుకి ఆసరాగా గట్టి పట్టీ కట్టారు. ఆ పట్టీ మీద సంచి నడుం బెల్టు కూర్చోదు. ముందు ఒంటికాలి స్టాండు ఇంట్లో వదిలేసింది. తర్వాత పెద్ద లెన్సు. తర్వాత కెమెరా, ఒక చిన్న లెన్సు, మందుల డబ్బా, నీళ్ళ సీసా, అంతే. అయినా సంచి తనే వేసుకునేది. గ్రౌండు అంచున కుర్చీ వేయించుకుని, అక్కడి నుంచే తీసేది. పిల్లలు చిన్నగా, దూరంగా పడేవాళ్ళు ఫోటోల్లో. "ఇలాగా బాగానే ఉంది. గ్రౌండు మొత్తం కనబడతంది," అనేది.

తగరపువలస పోటీల రోజు మమ్మల్ని అన్నయ్యగారు కారులో తీసుకెళ్ళారు. ఆవిడ కారు దిగి, సంచి వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కారు తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఏమే, ఇది నువ్వు ఏసుకో."

అన్ని రోజుల్లో ఆ మాట ఆవిడ నోట రాలేదు. నేను గబగబా తగిలించుకుని పదండి అన్నాను. ఆవిడ కదల్లేదు. "అలాగ కాదు. ఆగు. నువ్వు పొట్టిదానివే, మొత్తం మార్చాల," అని నా ముందు నిలబడి పట్టీలు పట్టుకుంది. ఎడంచేతి వేళ్ళు వాచి ఉన్నాయి, అన్నీ కుడిచేత్తోనే. నడుం బెల్టు వదులు చేసి, పైకి జరిపి, నా తుంటి ఎముక తడిమి దాని మీద కూర్చోబెట్టింది. భుజం పట్టీలు లాగింది. ఛాతీ బెల్టు నాకు ఎక్కడ ఉండాలో చూసి, కిందకి దింపి బిగించింది. ఇంత పనికీ ఊపిరి ఎగపోసుకుంటోంది. "నాకిలాగ బాగానే ఉంది వదినా, వదిలేయండి," అన్నాను.

"నీకు బాగుందని నువ్వంటే సరిపోదు. నడు. నాను ఎనకాల నుంచి సూత్తాను."

నడిచాను. కారు నుంచి గ్రౌండు దాకా నేను ముందు, ఆవిడ వెనక. ఎడమ పక్కకి వంగుతున్నావని ఒకసారి అరిచింది. వెనక్కి తిరిగితే నా మొహం చూస్తుందని తిన్నగా నడిచాను.

ఇంటికి వచ్చాక, మంచం మీద వాలి, ఆ సంచి గురించి ఒక్క మాటే చెప్పింది. "ఎవలికైనా ఇచ్చీండి. గాని ఆల్ల ఒంటికి సరిపోద్దో లేదో సూసి ఇవ్వండి. ఊరికినే ఇచ్చీకండి." అన్నయ్యగారు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి ఒంటికి సరిపోతుందో చూసే ఓపిక ఆయనకి ఇప్పుడు లేదు. తొందర పెట్టొద్దని మేము కూడా అనుకున్నాం.

మళ్ళీ ఆసుపత్రిలో చేర్చకముందు, చివరిగా ఆవిడ బయటికి వచ్చిన రోజు చెప్పి ఆపేస్తాను.

మందులింక పనిచెయ్యడం లేదని చెప్పి ఇంటికి పంపించారు. రెండు రోజులు పడుకుని, మూడోరోజు సాయంత్రం తన బడి గ్రౌండుకి తీసుకెళ్ళమంది. కెమెరా అడగలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు. అన్నయ్యగారు కారుని గ్రౌండు లోపలికే, గీతల దాకా తీసుకెళ్ళారు. తలుపు తీసి, తలగడ ఒకటి వెనక పెట్టాం. పిల్లలు వచ్చి చుట్టూ మూగి, ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డారు. "నన్నేటి సూత్తారు? ఆడండి," అంది. గొంతు లేదు, అయినా ఆ మాట అర్థమై వెళ్ళిపోయారు.

ఆట మొదలైన కాసేపటికి సముద్రం వైపు నుంచి వాన వచ్చింది. ముందు గాలి, వెంటనే పెద్ద పెద్ద చినుకులు. ఇప్పుడున్న పీటీ టీచరు, వయసులో చిన్నది, ఆట ఆపించడానికి ఈల నోట్లో పెట్టుకుని మా వైపు చూసింది. మా వదిన కారులోంచి చెయ్యి ఊపింది, వద్దని.

"తడిసిపోతున్నారు వదినా," అన్నాను.

"తడవనీ. ఉప్పుబొమ్మలేటి, కరిగిపోడానికి?"

అంటూనే మెల్లగా జరిగి, రెండు కాళ్ళూ కారు బయట పెట్టింది. చెప్పులు లేవు. వాన పాదాల మీద పడుతోంది. నేను అలవాటుగా, "కాళ్ళు లోపల పెట్టండి, జలుబు చేస్తుంది," అన్నాను.

ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. "జలుబేటే ఇప్పుడు!" అని నవ్వింది. ఏమన్నానో అప్పుడు నాకు అర్థమై నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం, నొప్పి పుట్టి ఆవిడ నడుం పట్టుకునేదాకా. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్న అన్నయ్యగారు అటువైపు తిరిగిపోయారు.

వాన గట్టిపడింది. గీతలు చెరిగిపోయాయి. ఎర్రమట్టి నీళ్ళలో పిల్లలు వరసగా, ఒకరు ఇటూ ఒకరు అటూ తిరిగి కూర్చున్నారు. వెనక నుంచి ఎవరో వచ్చి తట్టి 'ఖో' అంటే తప్ప కూర్చున్న పిల్ల లేవకూడదు. కాసేపటికి మనుషులు కూడా సరిగ్గా కనబడటం మానేశారు. అరుపులు, పాదాల చప్పుడు, అంతే. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. బురదలో వేళ్ళు విప్పి పెట్టుకుంది. కుడి పాదం ముందుకి, ఎడమ పాదం కొంచెం వెనక్కి జరిగింది.

వానలో ఎక్కడో ఒక పిల్ల గొంతు గట్టిగా 'ఖో' అంది. మా వదిన ఎడమ మడమ నేల మీంచి లేచింది.